సీరియల్ చూసిన సాక్షులు

అండమాన్‌లోని మా తుష్నాబాద్‌లో, మా వీధి చివరింటి అమ్మాయి లావణ్య ఈమధ్య పోలీసుకి సెలెక్టయింది. ట్రైనింగుకి వెళ్ళే ముందు స్వీట్లు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను పోర్ట్‌బ్లెయిర్‌లో కానిస్టేబుల్‌గా చేరి, అసిస్టెంట్ సబ్‌ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. ఏదో సలహా అడుగుతుందనుకుని సర్దుకుని కూర్చున్నాను.

"అంకుల్, ఫింగర్‌ప్రింట్లు తీసే కిట్ మనకే ఇస్తారా, ల్యాబ్ వాళ్ళు పట్టుకొస్తారా?" అని అడిగింది.

"ముందు లాఠీ ఇస్తారమ్మా. దాన్ని పారేసుకోకుండా చూసుకో," అన్నాను.

నవ్వింది గానీ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం నాకు తెలుసు. ఆ అమ్మాయి పుట్టకముందు నుంచీ నడుస్తున్న ఒక పోలీసు సీరియల్ చూసి ఆమె ఈ ఉద్యోగంలోకి వస్తోంది. ఆమె ఒక్కతే కాదు. నేను రిటైరయ్యేనాటికి మా స్టేషన్‌లో కొత్తగా చేరినవాళ్ళలో సగానికి సగం అదే దారిన వచ్చినవాళ్ళు.

అందుకని ఇది రాయడానికి కూర్చున్నాను. లావణ్యకి తెలుగు మాట్లాడటం వచ్చినంతగా చదవటం రాదు. వాళ్ళమ్మ చదివి వినిపిస్తానంది. ప్రమోషన్లు, బదిలీలు, మెడల్సు ఇందులో ఉండవు. వాటి గురించి నా కంటే గొప్పగా చెప్పేవాళ్ళు అబర్డీన్ బజార్‌లో ప్రతి టీ కొట్టు దగ్గరా దొరుకుతారు.

పెద్ద సీరియల్, పిల్ల సీరియళ్ళు

సీరియల్ పేరు రాయను. రాయకపోయినా అందరికీ తెలుసు. దీవుల్లోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో మొదలైంది. హిందీలో వచ్చేది కాబట్టి బెంగాలీ, తమిళ, తెలుగు, రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ళు అని లేకుండా అందరూ చూసేవారు. ఒక పెద్దాఫీసరు, అతని కింద ముగ్గురో నలుగురో, వారానికో హత్య. అది బాగా నడిచేసరికి అదే ఆఫీసరు శిష్యుణ్ణి హీరోగా పెట్టి ఇంకోటి తీశారు. తర్వాత ల్యాబ్‌లో తెల్లకోటు వాళ్ళది ఒకటి, ఆడపోలీసులది ఒకటి, పాతబడి మూసేసిన కేసులది ఒకటి. మా ఆవిడ అసలుదాన్ని పెద్ద సీరియల్ అనేది, మిగతావాటిని పిల్ల సీరియళ్ళు అనేది. క్రమంగా మా స్టేషన్‌లో కూడా అవే పేర్లు పడ్డాయి.

నాకు ఆ సీరియల్ మీద కోపమేమీ లేదు. భోజనం చేస్తూ నేనూ చూసేవాణ్ణి. కథ బిగువుగా ఉండేది, పెద్దాఫీసరు వేసినతను బాగా నటించేవాడు. నాకు నవ్వొచ్చేదల్లా ఒక్క దగ్గరే. గ్లాసు మీద ఎంగిలి తీసి ల్యాబ్‌కి పంపిస్తారు. ప్రకటనలు అయిపోయేలోపు రిపోర్టు వచ్చేస్తుంది.

మా దగ్గర అలాంటి నమూనా ఏదైనా సీలు వేసి మెయిన్‌ల్యాండ్‌కి పంపాలి. ఓడ దొరకాలి. దొరికిన ఓడ బయల్దేరాలి. సముద్రం బాగుండకపోతే అది జెట్టీలోనే ఉంటుంది, దాన్ని తీసుకెళ్ళే కానిస్టేబుల్ కూడా మూట పక్కన పెట్టుకుని జెట్టీలోనే ఉంటాడు. రిపోర్టు వచ్చేనాటికి సాక్షి ఇల్లు మారిపోయి ఉండేవాడు, ఒక్కోసారి ఆఫీసరే బదిలీ అయిపోయేవాడు. కాబట్టి మా పని అంతా రిపోర్టు రాకముందే, మనుషులతో మాట్లాడటం మీద నడిచేది. లావణ్యా, నీ పని కూడా అంతే. కిట్ ఎవరిస్తారన్నది తర్వాత సంగతి.

గుండ్రంగా నిలబడ్డ జనం

సీరియల్ పోలీసుల్ని చెడగొట్టిందని అందరూ అంటారు. నా లెక్కలో పోలీసుల్ని అంతగా చెడగొట్టలేదు. జనాన్ని మార్చింది.

బంబూఫ్లాట్‌లో ఇనుప సామాను కొట్టులో ఒకసారి దొంగతనం జరిగింది. నేను చాతం నుంచి ఫెర్రీ ఎక్కి వెళ్ళేసరికి కొట్టాయన మొహానికి రాసుకునే పౌడరు డబ్బా మొత్తం గల్లాపెట్టె మీద కుమ్మరించి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాడు. వేలిముద్రలు పైకి తేలతాయట. గల్లాపెట్టె, కౌంటరు, ఆయన మీసాలు అన్నీ తెల్లగా అయిపోయాయి. "భయ్యా, ఇక మీ పని ఈజీ," అన్నాడు నాతో. దొంగ ఆయన బావమరిదే. సాయంత్రానికి వాళ్ళత్తగారే చెప్పేసింది.

అబర్డీన్ బజార్‌లో బస్టాండు దగ్గర ఇంకోసారి ఒక ముసలాయన కళ్ళు తిరిగి పడిపోయాడు. నేను వెళ్ళేసరికి జనం గుండ్రంగా నిలబడి, ఒకరినొకరు ఆపుకుంటున్నారు. "హాథ్ మత్ లగావో, ముట్టుకుంటే వేలిముద్రలు పడతాయి," అని ఒకడు చేతులు చాచి కాపలా కాస్తున్నాడు. ఆయనకి షుగర్ పడిపోయింది, అంతే. పక్క కొట్టులోంచి టీ తెప్పించి ఇంత పంచదార ఎక్కువ వేసి తాగిస్తే లేచి కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి ఆ చేతులు చాచినవాణ్ణి నాలుగు తిట్టాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. మంచిపనే చేస్తున్నానని అనుకున్నాడు వాడు.

ఈ రెండూ నవ్వుకునేవి. నవ్వుకోలేనిది ఒకటుంది. దాని కోసమే ఇంత రాస్తున్నాను.

బోర్లించిన పడవ

సింహాచలం, నూకరాజు ఒకే డింగీ మీద వేటకి వెళ్ళేవారు. డింగీ అంటే ఇంజను బిగించిన చిన్న పడవ. ఇద్దరు ఉంటేగాని వేట సాగదు, ఒకరు ఇంజను దగ్గర, ఒకరు వల దగ్గర. పడవ సింహాచలానిది. ఇద్దరి తండ్రులూ శ్రీకాకుళం వైపు ఒకే ఊరి నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు, ఒకే బస్తీలో పక్కపక్కన పాకలు వేసుకున్నవాళ్ళు. సింహాచలం భార్య పైడమ్మ. ఆమె, నూకరాజు భార్య కలిసి గంపలెత్తుకుని బజారులో చేపలమ్మేవారు.

ఒకరోజు పొద్దున ఒడ్డున ఆ ఇద్దరు మగవాళ్ళకీ వాదన అయింది. వాతావరణం బాగాలేదు, వద్దన్నాడు సింహాచలం. ఏం కాదు వెళ్దామన్నాడు నూకరాజు. గొంతులు లేచాయి, బస్తీ అంతా విన్నది. చివరికి వెళ్ళారు. మధ్యాహ్నానికి నూకరాజు ఒక్కడే ఇంజను నడుపుకుంటూ వచ్చాడు. పడవలో సింహాచలం శవం ఉంది. తల పగిలింది. పడవ అడుగంతా నెత్తురు.

"అల కొట్టింది. పడిపోనాడు. తల తగిలింది," అన్నాడు నూకరాజు. ఎవరెన్నిసార్లు అడిగినా ఆ మూడు మాటలే.

శవాన్ని ఆస్పత్రికి తరలించడం, పంచనామా, వాటితోనే మాకు ఆ రోజు సరిపోయింది. మర్నాడు పొద్దున మా ఇన్‌స్పెక్టరు సాబ్, నేనూ పడవ చూడటానికి ఒడ్డుకి వెళ్ళాం. పడవ బోర్లించి ఉంది. లోపలా బయటా శుభ్రంగా కడిగేశారు. పసుపు వాసన వస్తోంది. చుట్టూ ఇసకలో వేపాకులు పడి ఉన్నాయి.

సీరియల్ వాళ్ళలాగా ఆఖరుదాకా దాచను, ఇక్కడే చెప్పేస్తాను. అది ఆ బస్తీవాళ్ళ ఆచారం. శవాన్ని మోసిన పడవకి మైల అంటుతుంది. చనిపోయినవాడి ఆడమనిషి ఆ రోజే దాన్ని పసుపునీళ్ళతో, వేపాకుతో కడగాలి. కడిగాక బోర్లించాలి. పెద్ద దినం నాడు మళ్ళీ ఆ చెయ్యే దానికి బొట్టు పెట్టి నీళ్ళలోకి దింపాలి. అలా దింపకపోతే ఆ పడవలోకి ఇంకెవరూ కాలు పెట్టరు. ఆ మధ్యాహ్నం మొగుడి శవాన్ని మేం ఆస్పత్రికి తీసుకెళ్ళగానే పైడమ్మ, ఏడుస్తూనే, బస్తీ ఆడవాళ్ళందరి ముందూ పడవ కడిగింది.

ఇది నాకు అప్పుడు తెలియదు. నేను తెలుగువాణ్ణే, కానీ మా నాన్న చాతం రంపపు మిల్లులో పని కోసం వచ్చినవాడు. మాది కర్రల సంసారం. పసుపు చూసి ఏదో శాంతి చేసి ఉంటారని అనుకున్నాను, అంతకన్నా లోతుగా ఆలోచించలేదు.

సాబ్ పడవ చుట్టూ ఒకసారి తిరిగి, గుమిగూడిన జనం వైపు చూసి, "కిస్‌నే ధోయా?" అన్నాడు. ఎవరు కడిగారని.

ఒక్కరు నోరు విప్పితే అయిపోయేది. "మా ఆచారం సాబ్" అని ఎవరన్నా చాలు. ఎవరూ అనలేదు. ఎందుకంటే అక్కడున్న ప్రతివాళ్ళూ పెద్ద సీరియల్ చూసినవాళ్ళే. అందులో నెత్తురు కడిగిన మనిషి ప్రతిసారీ దొరికిపోతాడు. హంతకుడు కాకపోయినా వాడి చేతులకీ బేడీలు పడతాయి. మొగుడు పోయిన మనిషిని పట్టించడం ఇష్టంలేక బస్తీ మొత్తం నేల చూసింది. మాలూమ్ నహీ, తెలీదు అంది. మేం చూడలేదంది. పైడమ్మ పాక గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె కూడా ఏమీ మాట్లాడలేదు.

సాబ్ రెండోసారి గట్టిగా అడిగాడు. అప్పుడు జనంలోంచి నూకరాజు ముందుకొచ్చాడు.

"నేనే కడిగీసినాను సాబ్."

ఆ మాటతో అతను ముద్దాయి అయిపోయాడు.

మా సాబ్ గురించి

మా సాబ్ మూర్ఖుడు కాడు. కుర్రాడు, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చాడు, కష్టపడే మనిషి. లంచం ముట్టడు, ఎవర్నీ కొట్టడు. ఈ రెండూ ఉన్న బాస్‌లు నా ఉద్యోగంలో ఎక్కువమంది తగల్లేదు. ల్యాబ్ సీరియల్ చూసి చేతి తొడుగులు, ప్లాస్టిక్ సంచులు కావాలని పై ఆఫీసుకి రాశాడు. రాకపోతే తానే బజారుకెళ్ళి కొన్నాడు. ఆ సంచులు పచ్చళ్ళు కట్టేవి. అయినా ఒక్కో సాక్ష్యం విడిగా కట్టి, మీద ఎక్కడ దొరికిందో రాసి పెట్టించేవాడు. అంతకుముందు మేం అన్నీ ఒకే గోనెలో పడేసేవాళ్ళం. ఆ అలవాటు ఆయన వల్లే వచ్చింది, అది మంచి అలవాటే.

ఆయన పొరపాటు ఒక్కటే. చిక్కు ఉన్న చోట నేరం ఉంటుందని ఆయన గట్టిగా నమ్మాడు. నూకరాజు కేసులో చిక్కులు చాలా ఉన్నాయి. పొద్దున వాదన అయింది. తల పగలడం పడవ అంచు తగిలినా అవుతుంది, తెడ్డుతో కొట్టినా అవుతుంది, చెప్పలేనన్నాడు డాక్టరు. సింహాచలం ఎడమకాలి మడమ పైన గట్టిగా నొక్కుకుపోయిన గీతలున్నాయని కూడా రాశాడు. సాబ్ ఆ గీతలు చూసి తాడుతో కట్టేశారన్నాడు. పడవ కడిగిన మనిషి తనే ఒప్పుకున్నాడు. ఇన్ని ఉన్నాక, సీరియల్ చూసినా చూడకపోయినా, ఏ ఆఫీసరైనా అరెస్టు చేసేవాడే. నేనైనా చేసేవాణ్ణి.

నమూనాలు మెయిన్‌ల్యాండ్‌కి వెళ్ళాయి. రిపోర్టు కోసం చూడటం మొదలైంది. కోర్టు ఇచ్చిన గడువు మీద నూకరాజు మా లాకప్‌లో ఉన్నాడు. పడవని తాడు కట్టి, సీలు వేసి, మా స్వాధీనంలో ఒడ్డునే ఉంచాం.

చెమటలు పట్టిన మొహం

తర్వాత బస్తీలో సాక్ష్యాలు తీసుకున్నాం. ఇక్కడ నేను నేర్చుకున్నది నీకు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది లావణ్యా.

నూకరాజు అరెస్టయ్యేదాకా అతన్ని అనుమానించినవాళ్ళు బస్తీలో ఎవరూ లేరు. అతను పడవ కడగలేదని వాళ్ళకి కళ్ళారా తెలుసు. కానీ పోలీసులు తీసుకెళ్ళారంటే ఏదో ఉండే ఉంటుందని అనుకోవడం మొదలుపెట్టారు. సీరియల్లో కూడా ఎప్పుడూ దగ్గరివాడే చేస్తాడు కదా. కడగడం సంగతి వేరు, చంపడం సంగతి వేరు అని తమలో తాము సర్దిచెప్పుకున్నారు. వారం తిరగకముందే అతను అలాంటివాడేనని అందరికీ ముందునుంచీ తెలిసిపోయింది.

గురువులు అని, వలలు మోసే మనిషి ఒకడు వచ్చి సాక్ష్యం చెప్పాడు.

"పడవెక్కే ముందు నూకరాజు మాటిమాటికీ గడియారం సూసుకుంటన్నాడు భయ్యా. మొకమంతా సెమటలు."

"ఏ చేతికుంది గడియారం?"

"ఎడం సేతికి."

నూకరాజు జన్మలో గడియారం పెట్టుకున్నవాడు కాడు. డింగీ మీద వేటకెళ్ళే మనిషికి గడియారంతో పనేమిటి. నేను కలం పక్కన పెట్టి, "గురువులూ, నువ్వు చూశావా?" అని అడిగాను.

అతను కాసేపు బుర్ర గోక్కున్నాడు. "మరేటి సెప్పాల భయ్యా? సాబ్ ఏదో వొకటి గుర్తు తెచ్చుకోమన్నాడు. ఇలాటప్పుడు అదే సెప్తారు కదా అని సెప్పినాను," అన్నాడు.

అబద్ధమాడాలని కాదు. పోలీసుకి సాయం చేద్దామని. సాక్షి ఏం చెప్పాలో సీరియల్ నేర్పింది, అది నేర్పినట్టే చెప్పాడు. ఆ తర్వాత నుంచి నేను ఏ సాక్షినీ "ఏదైనా గుర్తు తెచ్చుకో" అని అడగలేదు. ఆ పొద్దున నువ్వు ఏం తిన్నావు, ఎవరు వడ్డించారు అని మొదలుపెట్టేవాణ్ణి. తిన్న తిండి దగ్గర మొదలుపెడితే మనిషి తను చూసినదాని దగ్గరికి తనే నడుచుకుంటూ వస్తాడు.

నూకరాజు భార్య రోజూ లాకప్‌కి అన్నం గిన్నె తెచ్చేది. మొదట్లో ఆమెతో ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. తర్వాత ఒక్కతే వచ్చేది. బజారులో ఆమె గంప పక్కన ఇంకెవరూ గంప దించడం లేదని మా కానిస్టేబుల్ చెప్పాడు. నూకరాజు బయటికి వచ్చినా అతనితో పడవెక్కేవాడు దొరకడు. తోడు లేని మనిషికి ఆ బస్తీలో వేట లేదు, వేట లేనివాడికి బతుకు లేదు. కోర్టులో ఏం తేలినా అతని పని అయిపోయిందని నేను అనుకున్నాను.

పైడమ్మ తెచ్చిన మూట

పెద్ద దినం నాటి పొద్దున పైడమ్మ స్టేషన్‌కి వచ్చింది. ఒక్కతే వచ్చింది. చేతిలో చిన్న బట్టల మూట ఉంది. సాబ్ బల్ల దగ్గర నిలబడి, నా వైపు తిరిగింది.

"బాబూ, పడవ కట్లు ఇప్పాల. ఇయ్యాల దింపాల."

"అది కేసులో ఉందమ్మా. ఇప్పుడు విప్పడం కుదరదు."

"ఇప్పాల బాబూ. కడిగిన సెయ్యే దింపాల. కడిగింది నేను."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. ఆచారమంతా ఆమె నిలబడే చెప్పింది. పెద్ద దినం పొద్దు వాలేలోపు పడవ నీళ్ళలో పడకపోతే అది ఒడ్డునే పుచ్చిపోతుందని, అది తన మొగుడి పడవని చెప్పింది. బస్తీ పెద్దావిడలు రెండు రోజులుగా ఇంటికొచ్చి కూర్చున్నారట. నువ్వు కడిగావని చెప్పకు, పడవ ఇచ్చాక ఇంకొకరి చేత మళ్ళీ కడిగించి దింపేద్దామన్నారట. ఈమె ఒప్పుకోలేదు. "అబద్దానికి అబద్దం ఎన్నని ఆడతాం?" అంది.

నేను హిందీలో సాబ్‌కి చెప్పాను. సాబ్ మూట వైపు చూపించి, అదేమిటని అడిగాడు.

"రెండు సీరలు బాబూ. లోపలెయ్యరా నన్ను?"

సీరియల్లో ఒప్పుకున్న మనిషిని అప్పటికప్పుడే తీసుకుపోతారు. ఇంటికెళ్ళి బట్టలు తెచ్చుకోనివ్వరు. ఆమె అది చూసింది కాబట్టి ముందే కట్టుకుని వచ్చింది. జైలుకి వెళ్తానని నమ్మి, తన కాళ్ళ మీద తను నడిచి స్టేషన్‌కి వచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

సాబ్ ఆమెకి కుర్చీ వేయించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. అయినా తన పట్టు విడవలేదు. "ఆచారమే కావచ్చు. కానీ అతను అబద్ధం ఎందుకు ఆడాడు? తప్పు లేనివాడు తప్పు మీద వేసుకుంటాడా?" అని నన్ను అడిగాడు. ప్రశ్న సరైనదే. లాకప్ నుంచి నూకరాజుని తీసుకు రమ్మన్నాడు.

ఆ తర్వాత ఏమైందో కేసు మటుకు ముందే చెప్పేస్తాను. నూకరాజు ఆ రోజు కొత్తగా ఒక సంగతి బయటపెట్టాడు. సింహాచలం కాలికి వల చుట్టుకుంది. డాక్టరుకి ఆ వల చూపించాం. కాలి మీది గీతలు దాని కన్నులతో సరిపోయాయి, తాడువి కావన్నాడు. నూకరాజు బయటికొచ్చాడు. ఓడ మీద వెళ్ళిన నమూనాల రిపోర్టు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది, అందులో పనికొచ్చేదీ లేదు, పనికిరానిదీ లేదు. సాబ్ ఆ మధ్యాహ్నమే పై వాళ్ళతో ఫోన్లో మాట్లాడి, పడవ ఫోటోలు తీయించి, సీలు విప్పించాడు. ఎవరైనా అడిగితే జవాబు తను చెప్పుకుంటానన్నాడు. పొద్దు వాలకముందే పైడమ్మ పడవకి బొట్టు పెట్టి దింపింది. బస్తీ మొత్తం పట్టుకుని తోసింది, నేల చూసినవాళ్ళూ, గురువులూ, అందరూ. తర్వాత చాలా ఏళ్ళు నూకరాజు ఆ పడవ మీదే వేటకెళ్ళాడు. మొదటిరోజు అతనితో ఎక్కింది పైడమ్మ సొంత తమ్ముడు. ఆమే ఎక్కమంది. ఆ తర్వాత అతన్ని ఇంకెవరూ ఒక్క మాట అనలేదు.

కేసు ఇంతే. ఇది సీరియల్లో ఒక ఎపిసోడుకి కూడా చాలదు.

మేం అడగనిది

ఇప్పుడు సాబ్ గదిలోకి మళ్ళీ వస్తాను. నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఆ గదిలోనే నేర్చుకున్నాను.

నూకరాజుని తీసుకొచ్చి నిలబెట్టారు. గడ్డం పెరిగిపోయింది. పైడమ్మని చూసి తల దించుకున్నాడు. నువ్వు కడగనప్పుడు కడిగానని ఎందుకు చెప్పావని సాబ్ తరఫున నేను అడిగాను.

"మొగుడు పోయిన మనిషి బాబూ. ఆ గుమ్మంలోంచి టేసన్‌కి ఈడ్సుకుపోతారని బయమేసింది. నా మీద ఏసీసుకుంటే ఏటవుద్ది, నిజం తేలిపోద్ది కదా అనుకున్నాను. టీవీలో గంటలో తేలిపోద్ది కదేటి."

అతను ఆ మాట వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అనుకున్నాడు. నేను అది హిందీలో చెప్తుంటే సాబ్ మొహం ఎర్రబడింది.

అప్పుడు పైడమ్మ కుర్చీలోంచి లేచింది.

"మా ఆయన ఆకర్న ఏటన్నాడన్నా?" అని అడిగింది.

నూకరాజుని మేం ఎన్ని అడిగామో లెక్కలేదు. పొద్దున వాదన ఎందుకైందని అడిగాం. తెడ్డు ఎవరి చేతిలో ఉందని అడిగాం. ఎవరు ఎటు కూర్చున్నారు, ఇంజను ఎవరు ఆపారు, అన్నీ అడిగాం. ఒక మనిషి తన కళ్ళ ముందు చనిపోతుంటే చూసినవాడు కదా అని మాకెవరికీ తట్టలేదు. ముద్దాయినే చూశాం గానీ, చూసి వచ్చినవాణ్ణి చూడలేదు. నేను కూడా చూడలేదు, నాకు అతని భాష వచ్చి ఉండి కూడా.

నూకరాజు నేల వైపే చూస్తూ చెప్పాడు.

"వల లాగుతుంటే పడవ లేచిపోనాది సెల్లీ. అంచు మీదకి పడ్డాడు. కాలికి వల సుట్టీసుకుంది, తలకిందులుగా ఏలాడిపోతన్నాడు. నేను కత్తి తీసినాను. ‘కొయ్యకురా, పైడి నెల్లాళ్ళు కూకోని అల్లింది, నేను ఇడిపించుకుంటాను’ అన్నాడు. ఆడి మాట ఇని కత్తి కింద ఎట్టీసినాను. మల్లీ అలొచ్చింది. తల అంచుకేసి కొట్టీసింది."

ఆగి, చొక్కాతో మొహం తుడుచుకున్నాడు.

"కోసీసుంటే బతికీవోడు. అది నీకెలాగ సెప్పాల? అందుకే ఎవులికీ సెప్పలేదు."

సాబ్ నా వైపు చూసి, ఏమంటున్నాడని మెల్లగా అడిగాడు. నేను చెప్పాను. నా హిందీ ఎప్పుడూ తడబడదు, ఆ రోజు తడబడింది. సాబ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

పైడమ్మ నూకరాజు దగ్గరికి వెళ్ళింది. కొడుతుందేమోనని కానిస్టేబుల్ ఒకడుగు ముందుకేశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"వలదేటుందన్నా," అంది. "మల్లీ అల్లీదాన్ని."